జార్జియా కొండల్లో అమ్మ కోసిన ఆకు

టీ ఆకు కోయడానికి జనం ఎదురు డబ్బు కడతారని నిర్మల ఫోన్‌లో చెబితే మొదట నమ్మలేదు.

"నిజం అక్కా. మా అల్ఫారెట్టా నుంచి గంటన్నర డ్రైవ్. కొండల్లో టీ ఫార్మ్. ‘మీ చేతి నుంచి మీ కప్పులోకి’ అని వెబ్‌సైట్‌లో పెద్దగా రాశారు. ఆంటీని తీసుకురా. శనివారం స్లాట్ బుక్ చేసేస్తున్నా. నాన్ రిఫండబుల్, మళ్లీ మాట మార్చకు" అంది. నిర్మల ఒకప్పుడు ఇక్కడ ప్లెయిన్స్‌బరోలో మా పై ఫ్లోర్‌లో ఉండేది. మా తెలుగు చర్చిలో పాటలు పాడేది. ఉద్యోగం మారి అమెరికాలోనే దక్షిణాన ఉన్న జార్జియా రాష్ట్రానికి వెళ్లిపోయింది కానీ నామీద పెత్తనం మాత్రం వదల్లేదు.

ఆంటీ అంటే మా అమ్మ. అమ్మ అస్సాం టీ తోటలో నలభై ఏళ్లు ఆకు కోసింది. మా తాతను శ్రీకాకుళం వైపు నుంచి ఒక సర్దారు, అంటే తోటలకు కూలీలను తోలుకెళ్లే మనిషి, బంగారం పండుతుందని చెప్పి రైలెక్కించాడు. బంగారం పండిన మాట నిజమే, అది మాకు కాదు. లైన్లు అని పిలిచే కూలీల ఇళ్ల వరసలో, ఇంట్లో తెలుగూ బయట తోట భాషా మాట్లాడుతూ మూడు తరాలు గడిచాయి. నేను మిషన్ హాస్టల్ పుణ్యమా అని చదువుకుని, నర్సునై ఇక్కడిదాకా వచ్చాను. ఆరేళ్లుగా అమ్మ నా దగ్గరే ఉంటోంది.

నిర్మల మాట చెబితే అమ్మ ఒకటే అడిగింది. "అయితే నాను కోసిన ఆకు నానే తాగొచ్చునేటి?"

నలభై ఏళ్లలో ఆమెకు ఆ భాగ్యం ఒక్కరోజు కలగలేదు. కోసిన ఆకు ఫ్యాక్టరీకి, అక్కడి నుంచి వేలానికి, వేలం నుంచి దేశదేశాలకు పోయేది. రేషన్‌గా మాకొచ్చేది మాత్రం జల్లెడలో అడుగున మిగిలిన దుమ్ము. ఈ మాట గుర్తొచ్చి వెంటనే రైలు టికెట్లు కొన్నాను. విమానం ఎక్కితే అమ్మకు చెవులు పోటు పెడతాయి.

మే రెండో శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో లోకల్ ఎక్కి, పావుగంటలో ట్రెంటన్‌లో దిగాం. దక్షిణాదికి పోయే పెద్ద రైలు మూడున్నరకు రావాలి, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పడక బోగీ ధర చూసి కళ్లు తిరిగి కూర్చునే సీట్లే తీసుకున్నాను. సీట్లు విశాలంగానే ఉన్నాయి. బోగీలో చలి మాత్రం విపరీతం, వెళ్లేవాళ్లు దుప్పటి మరిచిపోవద్దు. చపాతీలు, బంగాళాదుంప వేపుడు, పెరుగన్నం కట్టుకెళ్లాం కనుక కేఫ్ బోగీలో కొన్నది కాఫీ ఒక్కటే.

వాషింగ్టన్ దాటాక పక్క వరసలోని పెద్దావిడ మాట కలిపింది. నల్లజాతి మనిషి, స్కూల్ బస్ నడిపి రిటైరైందట, కరోలినాలో చెల్లెలి దగ్గరికి పోతోంది. మేం ఎక్కడికి, ఎందుకు వెళుతున్నామో చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి నన్ను తేరిపార చూసింది.

"చేలో కోత కోయడానికి మీరే డబ్బు కడుతున్నారా? మా అమ్మమ్మ బతికుంటే నిన్ను డాక్టర్‌కి చూపించేది" అని పగలబడి నవ్వింది. ఆ అమ్మమ్మ పత్తి చేలలో కూలి చేసిందట. అమ్మకు తెలుగులో చెబితే అమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ ఒకరి అరచేతులు ఒకరు పట్టుకుని చూసుకున్నారు.

మర్నాడు ఉదయం ఎనిమిదికి, గంట ఆలస్యంగా, జార్జియాలోని గెయిన్స్‌విల్‌లో దిగాం. నిర్మల కారులో ఇడ్లీలు పెట్టుకుని సిద్ధంగా ఉంది. అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్లేకొద్దీ రోడ్డు మెలికలు తిరుగుతూ పైకెక్కింది. ఒకప్పుడు ఈ కొండల్లో బంగారం దొరికింది. దొరికిన పాపానికి ఇక్కడి ఆదివాసులైన చెరోకీ జనాన్ని వెళ్లగొట్టారు. బంగారం అయిపోయాక ఆపిల్ తోటలు, ఆ తర్వాత ద్రాక్షతోటలు, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఎర్ర కొట్టాలు వచ్చాయి. ఇప్పుడు టీ వంతు. ఈ కొండలకు బస్సు లేదు, కారు లేనివాళ్లు ఆశ వదులుకోవలసిందే.

పదిన్నరకు తోటలో ఉన్నాం. మనిషికి నలభై అయిదు డాలర్లు. కొండవాలున నడుమెత్తు పొదలు, వరసలు దువ్వినట్టున్నాయి. అమ్మ కారు దిగగానే చెప్పులు విడిచి మొదటి పొద దగ్గరికి వెళ్లి ఒక ఆకు విరిచి వాసన చూసింది. "ఇది మంచి ఆకే" అంది. నాకు అప్పుడే కడుపు నిండినట్టయింది.

మమ్మల్ని తిప్పి చూపించిన మనిషి పేరు క్లేర్. తోట యజమాని కూతురు, నలభై దాటి ఉంటాయి, నవ్వు మొహం. ముందుగా పన్నెండుమందిని ఒక గదిలో కూర్చోబెట్టి గోడమీది బొమ్మలతో టీ చరిత్ర చెప్పింది. చైనా చక్రవర్తి, తెరచాప ఓడలు, పన్నుమీద కోపంతో బోస్టన్ రేవులో సముద్రం పాలు చేసిన టీ పెట్టెలు, ఆపైన వీళ్ల తోట. చైనాకూ బోస్టన్‌కూ మధ్య గోడమీద ఒక్క మనిషి కూడా ఆకు కోయలేదు. టీ దానంతటదే చెట్టు దిగి పెట్టెల్లోకి నడిచి వెళ్లింది కాబోలు.

"అమెరికాలో టీ పెంచాలని పాత రోజుల నుంచీ ప్రయత్నించారు. ప్రభుత్వం మొక్కలు కూడా పంచింది. నేల మంచిది, వాన చాలు, మొక్క బాగా పెరిగింది. దెబ్బతీసింది ఒక్కటే, లేబర్ కాస్ట్. ఆసియాతో పోటీ పడలేకపోయాం" అంది క్లేర్.

ఆ లేబర్ కాస్ట్ నా పక్కన మడతకుర్చీలో కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది. ఆమె కూలి ఎంత తక్కువైతే ప్రపంచానికి టీ అంత చవక. ఈ లెక్క చెప్పడానికి ఇంత పొడుగు గోడమీద జానెడు చోటు దొరకలేదు. నేను లేవబోతే నిర్మల నా మోచెయ్యి పట్టుకుంది.

క్లేర్ ఒక నిజం దాచలేదు. ఈ తోట టీ అమ్మి బతకడం లేదు. అసలు పంటను పొదలు కత్తిరించే మిషన్‌తో కోస్తారు. డబ్బు వచ్చేది మాలాంటి సందర్శకుల నుంచి, పెళ్లిళ్ల నుంచి, కొండమీది క్యాబిన్ల అద్దె నుంచి. ఈ కొండల్లో టీ కంటే టీ కోయాలన్న సరదాకే గిరాకీ ఎక్కువ.

పదకొండున్నరకు రిబ్బన్లు కట్టిన బుట్టలు ఇచ్చి వరసల్లోకి వదిలారు. "గోటితో గిల్లండి" అంది క్లేర్. గోటితో గిల్లితే తెగిన చోట నల్లబడుతుంది. అస్సాం తోటలో అలా కోస్తే ఆకు వెనక్కి కొట్టి ఆ పూట కూలి కోసేవారు. అమ్మ కొంగు దోపుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండాకులూ ఒక మొగ్గా, రెండు చేతులూ ఒకేసారి, టప టప టప. కళ్లు పొద మీద లేవు, పై వరస మీద ఉన్నాయి. అరగంటలో బుట్ట నిండి మీదకు వచ్చింది. మిగతావాళ్లకు బుట్ట అడుగు కూడా కప్పలేదు. జనం ఫోన్లు తీసి వీడియోలు మొదలుపెట్టారు. డెబ్భై నాలుగేళ్ల మనిషి ఇరవై ఏళ్ల పిల్లలా కనిపించింది. నేను కళ్లు తుడుచుకున్న మాట దాచను.

"శనివారాల్లో ఈవిడ చీరలో వచ్చి గెస్టులకు ఇలా చూపిస్తే ఎంత బాగుంటుందో! లంచ్ మేమే పెడతాం" అంది క్లేర్.

లంచ్ పెడతారట! నలభై ఏళ్లు చచ్చీచెడీ నేర్చిన పనికి ఒక శాండ్‌విచ్. అస్సాం దొరలే నయం, కూలి అనే మాటైనా వాడేవారు. అదే మాట ఇంగ్లీషులో అనేశాను. క్లేర్ నవ్వు సగంలో ఆగింది.

బుట్టలు తీసుకుని మమ్మల్ని ఎర్ర కొట్టం వరండాలో కూర్చోబెట్టి గాజు కప్పుల్లో టీ ఇచ్చారు. అమ్మ ఉప్పు అడిగింది. తోటల్లో కూలీలకు ఉప్పు టీయే అలవాటు. ఎండలో చెమట పోసే ఒంటికి అది మందు. "ఉప్పు వేస్తే ఇందులోని సున్నితమైన రుచి పోతుంది" అని క్లేర్ ఓపిగ్గా నచ్చజెప్పింది. అమ్మ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టింది.

"ఇది నా ఆకు కాదు. కోసిన ఆకు రాత్రంతా ఆరి వాడాల. నాది ఎప్పుడు వత్తాదో అడుగు. పోస్టులో పంపుతారేమో" అంది. అడిగేలోపే బాత్రూమ్ ఎక్కడని లేచి కొట్టం వెనక్కి వెళ్లింది.

తిరిగొచ్చిన అమ్మ మొహం చూసి ఒంట్లో బాగాలేదేమో అని నాడి పట్టుకున్నాను. "నా ఆకు పెంటమీద పోసీసినారే" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్లి చూస్తే కొట్టం వెనక గడ్డి, కాఫీ పిప్పి, కోడిగుడ్డు పెంకుల గుట్ట. దానిమీద పన్నెండు బుట్టల ఆకు. మిగతావాళ్లవి ముదురాకులూ పుల్లలూ. ఒక పక్కన పచ్చగా, లేతగా, ఒక్క పుల్ల కూడా లేకుండా అమ్మది. చూడగానే ఎవరిదో తెలిసిపోతోంది.

క్లేర్‌ను పిలుచుకొచ్చాను. "మీ చేతి నుంచి మీ కప్పులోకి అన్నారు. ఇదేనా కప్పు?" అన్నాను.

ఆమె మొహం కందిపోయింది. "గెస్టులు కోసింది మేం వాడలేం. ముదురుతో కలిస్తే బ్యాచ్ పాడవుతుంది. అందుకే షాప్‌లో అందరికీ ఒక శాంపిల్ ప్యాకెట్ ఇస్తాం. కంపోస్ట్ మళ్లీ పొదలకే వేస్తాం" అంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ వరమిచ్చిందీ కాదన్నదీ ఒక్కరే.

"అందరి ఆకూ ఒకటేనా? ఒక్క క్షణం చూసి పోయాల్సింది కాదా?" అని అరిచాను. నిర్మల ఇంకా గట్టిగా అరిచింది. వెబ్‌సైట్, రివ్యూ, రిఫండ్ అని ఏకరువు పెట్టింది. అమ్మ మాత్రం గుట్ట పక్కన చతికిలబడి తన ఆకుకు చెయ్యి దూరంలో ఆగిపోయింది. ముట్టుకోలేదు.

"తీసుకోవచ్చునా అని అడుగు" అంది.

"అడిగేదేంటమ్మా? డబ్బు కట్టాం. నువ్వు కోసిన ఆకు!"

"అడుగు. గేటు దగ్గర మా కొంగులు దులిపించీవోరు. ఒక్క ఆకు దొరికినా దొంగే. నలభై ఏళ్లలో నాను దొంగననిపించుకోనేదు. ఇప్పుడెందుకు?"

అమ్మ నాకెప్పుడూ చెప్పని సంగతి అది. అడిగింది నిర్మలే. క్లేర్‌కు భాష అర్థం కాకపోయినా విషయం అర్థమైనట్టుంది. లోపలికి పరుగెత్తి కాగితపు సంచి తెచ్చి, తానూ కింద కూర్చుని ఆకు ఏరింది. "సారీ, నాకు తెలియదు" అని రెండుసార్లు అంది. తెలియదన్నది నిజమే. ఆమె గోడమీద అది రాసి లేదు కదా.

సాయంత్రం నాలుగింటికి అల్ఫారెట్టా చేరాం. నిర్మల డైనింగ్ టేబుల్ మీద ఉతికిన దుప్పటి పరిచి ఆకు పలచగా ఆరబోసి ఫ్యాన్ వేశాం. మర్నాడు ఆదివారం. నాకు ఊహ తెలిశాక అమ్మ చర్చికి రాననడం అదే మొదటిసారి. "దేవుడికి తెలుసులే" అంది. ఫ్యాక్టరీ లోపల ఏం చేస్తారో ఆమె కళ్లారా చూడలేదు. లోపల పని మగవాళ్లది. ఫ్యాక్టరీ పక్క నుంచి ఇంటికి నడిచేటప్పుడు వచ్చే వాసన ఒక్కటే ఆమెకు గుర్తు. చపాతీ పీట మీద గంటసేపు నలిపి, తడిగుడ్డ కప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తూ కూర్చుంది. "ఇప్పుడు" అన్నప్పుడు ఓవెన్‌లో సన్నటి వేడి మీద ఆరబెట్టాం. బుట్టెడు ఆకు చివరికి చిన్న డబ్బాడు అయింది.

తిరుగు రైలు అర్ధరాత్రి దాటాక. ఎక్కగానే నిద్రపోయాం. సోమవారం మధ్యాహ్నం వాషింగ్టన్ దాటాక కేఫ్ బోగీకి వెళ్లి రెండు కప్పుల వేడి నీళ్లు అడిగాను. డబ్బు తీసుకోలేదు.

ఈ కొండలకు వెళ్లాలనుకునేవాళ్లకు నా మాట ఇది. మే నెల బాగుంటుంది, దారి అందంగా ఉంటుంది, టీ కూడా చెడ్డది కాదు. కానీ టికెట్ కొనేముందు మీరు కోసిన ఆకు ఎక్కడికి పోతుందో అడగండి. నేను మూడు రాష్ట్రాలు దాటేదాకా ఆ కోపంలోనే ఉన్నాను. ఇంకా ఉన్నాను. నేను చూసినంతవరకు టీ ఎక్కడైనా ఒకటే, కోసిన చేతికి తప్ప అందరికీ అందుతుంది.

అమ్మ డబ్బాలోంచి చిటికెడు తీసి కాగితపు కప్పులో వేసింది. నీళ్లు మెల్లగా తేనె రంగుకు తిరిగాయి. ఊదుకుని ఒక గుక్క తాగింది. ఇంకొకటి తాగింది. కిటికీ వైపు తిరిగి కప్పంతా ఖాళీ చేసింది.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది" అంది. ఖాళీ కప్పు ఒళ్లో పెట్టుకుని, నావైపు తిరక్కుండానే అడిగింది.

"ఒక్క కప్పు మాకూ ఇత్తే ఆ దొరలకేటి తక్కువయ్యేదే?"