డేట్ అడిగితే ఎంటర్ కొట్టండి

1988 జూన్. హనుమకొండలో మేడ మీద ఒక గది, ఒక టేబులు, ఒక సోల్డరింగ్ ఐరన్. మా కంప్యూటర్ కంపెనీ సర్వీస్ సెంటర్ అంతే. జిల్లా మొత్తానికి ఇంజనీరును నేనొక్కణ్ణే. అప్పట్లో వరంగల్‌లో కంప్యూటర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి కాబట్టి నాకు వయసుకు మించిన మర్యాద దొరికేది. ఆ మర్యాద తలకెక్కిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. తర్వాత ఎన్నో మిషన్లు బాగుచేశాను, చాలావాటిని మర్చిపోయాను. దీన్ని మర్చిపోలేదు.

ఊరి బయట ఒక మిషనరీ ఆస్పత్రి ఉండేది. పేరు రాయను. అక్కడ టీబీ రోగులకు ఎనిమిది నెలలపాటు మందులిచ్చేవాళ్ళు. నెలకోసారి వచ్చి మాత్రలు తీసుకెళ్ళాలి. ఈ జబ్బులో ఒక మాయ ఉంది. రెండు మూడు నెలలు మాత్రలు మింగేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, నయమైపోయిందనిపిస్తుంది. అక్కడ ఆపేస్తే తిరగబెడుతుంది. తిరగబెట్టిన జబ్బు చాలాసార్లు మందుకు లొంగదు. అందుకే మాత్రలకు రానివాళ్ళ పేర్లు వారం వారం తీసేవాళ్ళు. యాదగిరి అనే హెల్త్ వర్కర్ ఆ కాగితం జేబులో పెట్టుకుని, మోపెడ్ మీద తొర్రూరు, మరిపెడ దాకా తిరిగి, రానివాళ్ళను నాలుగు తిట్టి వెంటబెట్టుకొచ్చేవాడు.

అంతకుముందు ఈ పని కార్డులతో జరిగేది. ఏడాది క్రితం విదేశీ సాయంతో కంప్యూటర్ వచ్చింది. దాన్ని చూసుకునేది రికార్డు క్లర్కు ఎస్తేరమ్మ. యాభై ఏళ్ళ మనిషి, చెప్పిన మాట చెప్పినట్టు చేసే మనిషి. కార్డుల పెట్టెలను స్టోరు గదిలోకి పంపించింది నేనే. "ఇంక ఇవెందుకమ్మా, దుమ్ము తప్ప" అన్నాను.

ఆ జూన్‌లో ఒక సాయంత్రం ఉరుములు మెరుపులతో వాన పడింది. మర్నాడు మిషన్ లేవలేదు. విప్పి చూస్తే మదర్‌బోర్డు కాలిపోయింది. మదర్‌బోర్డంటే చిప్పులన్నీ కూర్చునే పెద్ద పలక. అది పోతే డబ్బాలో మిగిలినవన్నీ ఉన్నా లేనట్టే. కంపెనీ బోర్డు రావడానికి నెలలు పడుతుందన్నారు. హైదరాబాదులో ఒక డీలరు దగ్గర పేరూ ఊరూ లేని బోర్డొకటి దొరికింది. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 'కంపాటిబుల్' అని ఉంది. అసలు బోర్డు స్థానంలో పెడితే అచ్చం దానిలాగే పనిచేస్తుందని అర్థం. గుడ్డిలో మెల్ల అనుకుని తెచ్చాను.

డాస్ ఫ్లాపీ వేసి చూశాను. డాస్ అంటే అప్పట్లో మామూలు మిషన్లను నడిపించే ప్రోగ్రాం. అన్నీ బాగున్నాయి, తేదీ కూడా సరిగ్గా చూపించింది. కానీ ఆస్పత్రి పని నడిచేది డాస్ మీద కాదు, యూనిక్స్ మీద. ఈనాటి లినక్స్‌కు పెద్దన్న లాంటిది. యూనిక్స్ కూడా లేచింది. ఒక్కటే తేడా, తెర మీద తేదీ 1970 జనవరి 1 అని వచ్చింది.

అదెందుకో నాకు తెలుసు. మిషన్ ఆపేసినా తేదీని గుర్తుపెట్టుకునే చిన్న గడియారం చిప్పు ఒకటి బోర్డు మీద ఉంటుంది. ఈ బోర్డులో ఆ చిప్పును వేరే చోట పెట్టారు. దాన్ని వెతికి చదివే ప్రోగ్రాం డాస్‌కు ఇచ్చారు, యూనిక్స్‌కు ఇవ్వలేదు. గడియారం దొరక్కపోతే యూనిక్స్ తన లెక్క మొదలైన రోజుకు వెళ్ళి కూర్చుంటుంది. ఆ రోజు 1970 జనవరి 1. కాకపోతే మిషన్ లేవగానే తేదీ ఇదేనా అని అడుగుతుంది. మనం సరైన తేదీ టైపు చేస్తే ఆ పూటకు సరిపోతుంది. నేను టైపు చేశాను. లిస్టు తీస్తే సరిగ్గా వచ్చింది.

అప్పటికి మరిపెడ బస్సు టైమవుతోంది. అక్కడ ఇంకో మిషన్ నా కోసం చూస్తోంది. సామాను సర్దుకుంటూ ఎస్తేరమ్మతో అన్నాను: "అమ్మా, ఇగనుంచి మిషన్ ఆన్ చేసినప్పుడల్లా డేట్ అడుగుతది. డేట్ అడిగితే ఎంటర్ కొట్టున్రి. కరెంటు పోయొచ్చినా గంతే. మర్చిపోవద్దు."

"డేట్ అడిగితే ఎంటర్ కొట్టాలె. గంతే గదా సార్?"

"గంతే."

వరండాలో మాత్రల కోసం బెంచీ మీద కూర్చున్న ఒకావిడ కిటికీలోంచి ఇదంతా చూస్తోంది. పేరు రాజవ్వ. తొర్రూరు దగ్గర ఊరు, పత్తి చేన్ల కూలి. మూడో నెల మందు నడుస్తోంది.

"సారూ, గా డబ్బల నా పేరుంటదా?"

"ఉంటది అక్కా. నువ్వు గోలీలకు రాకుంటే నీ పేరు కాయితం మీదికొస్తది. యాదగిరన్న బండేసుకొని మీ ఇంటికొస్తడు."

"వచ్చి తిడ్తడు" అంది నవ్వుతూ. "పోయిన నెల రెండు రోజులు ఆలిస్యమైతె వాడకట్టంత ఇనంగ తిట్టిండు. అయితె మీ డబ్బ మర్వదన్నట్టు."

"మర్వదు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ నా చెవులకు వినబడుతుంది.

సర్వీస్ రిపోర్టులో 'బోర్డు మార్చడమైనది, కంపాటిబుల్, ఓకే' అని రాసి, సంతకం చేసి బస్సెక్కాను.

ఆగస్టులో ఎస్తేరమ్మ ఫోన్ చేసింది. "సార్, ఆరేడు వారాల సంది లిస్టుల ఒక్క పేరు సుత వస్తలేదు. కాయితం ఉత్తగనే వస్తాంది. మంచిగనే ఉన్నదంటరా?"

నేను ఇంకో మిషన్ మీద వంగి ఉన్నాను. రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "మిషన్ ఆన్ అవుతాందా? ఎంటర్ కొడుతున్రా?" అని అడిగాను.

"దినాం కొడుతాన సార్."

"ఇంకేం మరి, మీ పేషెంట్లు బుద్ధిమంతులైన్రు! ఫికర్ చెయ్యకున్రి."

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు. టీబీ ఆస్పత్రిలో మాత్రలకు రానివాడు ఒక్కడూ లేడంటే ఎవడైనా ఉలిక్కిపడాలి. నేను పడలేదు. పైగా నేను పెట్టిన బోర్డు నడుస్తోందని సంబరపడ్డాను. అక్కడ డాక్టరమ్మ కూడా సంతోషించిందట. లిస్టు లేదు కాబట్టి యాదగిరికి ఆస్పత్రిలోనే కఫం పరీక్షల పని అప్పజెప్పారు.

అసలు బోర్డు నవంబరు చివర్లో వచ్చింది. బిగించడానికి పొద్దున్నే వెళ్ళాను. విప్పేముందు ఒకసారి చూద్దామని "మిషన్ ఆన్ చెయ్యున్రమ్మా" అన్నాను. ఎస్తేరమ్మ స్విచ్చి వేసింది. కాసేపటికి తెర మీద 1970 జనవరి 1 అని వచ్చింది, కింద కొత్త తేదీ ఇమ్మని అడిగింది. ఆమె ఏమీ టైపు చెయ్యలేదు. చూపుడు వేలితో ఎంటర్ మీట ఒక్కసారి నొక్కి, అయిపోయినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"తారీఖు కొట్టలేదేందమ్మా?" అని అడిగాను.

"డేట్ అడిగితె ఎంటర్ కొట్టుమన్నరు గదా సార్. కొట్టిన."

డేట్ ఎంటర్ చెయ్యండి అంటే తేదీ టైపు చెయ్యమని. ఎంటర్ కొట్టండి అంటే ఆ మీట నొక్కమని. నేను మొదటిది అనుకుని రెండోది చెప్పాను. ఆమె అక్షరం పొల్లుపోకుండా నేను చెప్పిందే చేసింది, రోజూ, ఆర్నెల్లు. ఏమీ టైపు చెయ్యకుండా ఎంటర్ నొక్కితే తెర మీదున్న తేదీయే ఖాయం, కాబట్టి రోజూ ఆ మిషన్‌కు అదే తేదీ. 1970 జనవరిలో కూర్చున్న మిషన్‌కు, 1988 జూలైలో రావలసిన మనిషి ఆలస్యమయినట్టు ఎలా తెలుస్తుంది? దాని లెక్కలో ఆ గడువుకు ఇంకా పద్దెనిమిదేళ్ళుంది. మాత్రలకు వచ్చినవాళ్ళ తేదీలు ఆమె చీటీలు చూసి సరిగ్గానే ఎక్కించింది, ఈరోజు ఏ రోజన్నదే మిషన్‌కు తెలియలేదు.

"లిస్టు మీద సుత గదే తారీఖొస్తాంది సార్" అంది ఎస్తేరమ్మ మెల్లగా. "మిషన్‌ది సొంత తారీఖుంటదేమో అనుకున్న. మీరు ఫికర్ చెయ్యకుమన్నరు."

నేను తేదీ టైపు చేసి లిస్టు తీశాను. ప్రింటరు మొదలుపెట్టింది, ఆగలేదు. ఒక పేజీ, రెండు, మూడు. అవసరమైనప్పుడు రాని పేర్లన్నీ కట్టగట్టుకుని వచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ ప్రింటరు ముందు నిలబడి తెలుసుకున్నాను. రాజవ్వ పేరు రెండో పేజీలో ఉంది. మాత్రలు చివరిసారి తీసుకున్నది జూన్‌లో, నేను బోర్డు మార్చిన రోజున.

యాదగిరి ఆ కాగితాలు అందుకుని పేజీలు తిప్పాడు. "ఇంతమందా?" అన్నాడు. ఇంకేమీ అడక్కుండా బండి తీశాడు. ఆ వారమంతా ఊళ్ళు తిరిగాడు. కొందరు దొరికారు, మళ్ళీ మందు మొదలుపెట్టారు. కొందరు వలస పోయారు. కొన్ని ఇళ్ళ ముందు బండి ఆపగానే లోపలినుంచి ఏడుపు వినబడిందని మాత్రం చెప్పాడు. ఎన్ని ఇళ్ళో నేను అడగలేకపోయాను.

మూడో రోజున, నేను అసలు బోర్డు బిగించి సరిచూస్తుండగా, రాజవ్వను జీపులో తీసుకొచ్చాడు. ఆమె నడవలేకపోతోంది. భర్త కొమురయ్య రెండు చేతుల మీద ఎత్తుకుని దింపాడు. నన్ను చూసి గుర్తుపట్టింది కానీ దగ్గు మాట్లాడనివ్వలేదు. కొంగు నిండా నెత్తురు.

నేను వరండాలో నిలబడి కొమురయ్యను అడిగాను, అడగడానికి నాకు ఏ హక్కూ లేకపోయినా. "గోలీలకెందుకు రాలేదే అన్నా?"

"దగ్గు తక్కువైంది సారూ. కలుపు తీసుడు పనులు మోపైనయి. గైనా ఆమె దినాం అనేది, యాదగిరి వస్తడు, తిడ్తడు, అప్పుడు పోదమని. నెల జూసినం, రెండు నెలలు జూసినం. రాలె." ఆగి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మీరే అన్నరంట గదా, రాకుంటె పేరు కాయితం మీదికొస్తదని, డబ్బ మర్వదని. ఎవరు రాలేదంటె పేరు కొట్టేసిన్రు, నయమైనట్టే అనుకున్నం. పత్తి ఏరేటప్పుడు మల్ల దగ్గొచ్చింది. పత్తి నూగుతోటి అనుకున్నం."

అప్పుడు చెప్పాను. బోర్డు సంగతీ, తేదీ సంగతీ నాకు చేతనైనట్టు చెప్పి, "తప్పు మీది కాదు. నాది" అన్నాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. అతను లోపలికి వెళ్ళి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

మళ్ళీ మందు మొదలుపెట్టారు. లొంగలేదు. జనవరిలో రాజవ్వ చనిపోయింది.

ఆ కబురు తెలిసి వెళ్ళేసరికి ఎస్తేరమ్మ మిషన్ ముందు కూర్చుని ఉంది. మనిషి పోతే ఆ సంగతీ, తేదీ ఎక్కించి పేరు మూసెయ్యాలి. ఆమె ఒక్కొక్క అంకె వెతికి టైపు చేసింది. ఎంటర్ మీట దగ్గర వేలు ఆపి నా వైపు తిరిగింది. "జర తారీఖు చూడున్రి సార్. సరిగ్గ ఉన్నదా?"

ఉందన్నాను. ఆమె నొక్కింది.

కంపెనీ నన్నేమీ అనలేదు. రిపోర్టులో 'ఓకే' అని ఉంది కదా. ఆస్పత్రివాళ్ళు కార్డుల పెట్టెలు స్టోరునుంచి మళ్ళీ బయటికి తెచ్చుకున్నారు. తెచ్చింది నేనే, దుమ్ము తుడిచి.

తర్వాత సొంత దుకాణం పెట్టాను. ఈమధ్య హసన్‌పర్తి కాలేజీ లెక్చరర్ ఒకాయన కొత్త మదర్‌బోర్డు పట్టుకొచ్చి, లినక్స్ ఎక్కించమన్నాడు. ఎక్కింది, లేచింది. "కంపాటిబులే గదా సార్, ఇగ తీస్కపోత" అన్నాడు. ఆగమన్నాను. వైరు పీకి, టీ తెప్పించి, పావుగంట తర్వాత మళ్ళీ ఆన్ చేసి తేదీ చూశాను. తర్వాత ఆయన్నే కూర్చోబెట్టి ఆన్ చెయ్యమని, వేళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూశాను. "గింత అనుమానమా సార్?" అని నవ్వాడు.

లేచిన ప్రతి మిషనూ పనిచేస్తున్నట్టు కాదు. మనం చెప్పిన మాట అవతలి మనిషి చేతిలో ఏమవుతుందో కళ్ళారా చూసేదాకా మన పని పూర్తికాదు. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు రాజవ్వ ప్రాణం ఖర్చయింది. ఇది పాఠమని చెప్పుకోవడానికి కూడా సిగ్గేస్తుంది. ఆ ఇంట్లో అందరూ వాకిట్లో బండి చప్పుడు కోసం నెలల తరబడి ఎదురుచూశారు. ఎవరూ రాకపోవడాన్ని మంచి కబురనుకున్నారు.