గుడి లేని అక్షరం

పదిహేనేండ్లుగా ఒక గీతను మోస్తున్నాను. నవ్వొస్తుందేమో మీకు. గీతకు బరువేమిటి? పెన్సిలుతో కాగితం మీద, కన్ను మూసి తెరిచేంతలో గీసింది. నా భార్యకు చెప్పలేదు. కన్నతల్లి పోయింది, ఆమెకూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరెవరో నాకు తెలియదు, నా ముఖం మీరు చూడరు. అయినా ఇప్పటికే రెండు కాగితాలు చింపేశాను.

నేను దుకాణాల మీద బోర్డులు రాసేవాణ్ణి. లక్సెట్టిపేట దారిలో చిన్న బజారు మాది, ఊరి పేరు వద్దు. ఈ పని నాకు నేర్పింది ఉస్తాద్. ఆయన పేరు కూడా రాయను. రాయాలని చెయ్యి పోతుంది, ఆపుకుంటున్నాను.

నైజాం కాలంలో మా బజారులో ఏ దుకాణం మీద చూసినా ఆయన ఉర్దూ అక్షరమే. మా బాపు నన్ను తీసుకుపోయి ఆయన ముందు నిలబెట్టాడు. ఆరేండ్లు రంగులు నూరాను, కుంచెలు కడిగాను, అంచులు నింపాను. బేటా అనే తప్ప ఒక్కనాడూ నా పేరు పెట్టి పిలవలేదు ఆయన. వాళ్ళింట్లో రొట్టెలు చేస్తే నాకు రెండు తీసిపెట్టేవారు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆయన నాకు చేసిన చెడు ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఇన్నేండ్లూ వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే ఎంత బాగుండేది!

నైజాం పోయాడు. బోర్డులన్నీ తెలుగులోకి మారాలన్నారు. నేను నాలుగో తరగతి దాకా తెలుగు చదివినవాణ్ణి. ఉస్తాద్‌కు తెలుగు మాట్లాడడం వచ్చు, అక్షరం ముక్క రాదు. ఇక నా రోజులొచ్చాయి అనుకున్నాను. దాచడమెందుకు, లోలోపల సంబరపడ్డాను.

ఆ సంబరం నెల కూడా నిలవలేదు. ఉస్తాద్ నన్ను కాగితం మీద తెలుగులో రాసిమ్మన్నారు. దాన్ని చూసి బోర్డు మీదికి దించారు. చదవడం లేదు, ఒట్టి రూపం చూసి దించడమే. అదీ కుడి నుంచి ఎడమకు! ఉర్దూకు అలవాటుపడిన చెయ్యి కదా. బట్టల దుకాణం అని రాయాలంటే చివరి సున్నతో మొదలుపెట్టి వెనక్కి వచ్చేవారు. జనం గుంపుగా నిలబడి నవ్వారు. బోర్డు పూర్తయ్యాక ఎవరూ నవ్వలేదు. తెలుగు అక్షరం అంత గుండ్రంగా, అంత నిండుగా ఉంటుందని అప్పటిదాకా నాకే తెలియదు.

అప్పటినుంచి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. నువ్వు కాదు, ఉస్తాద్‌తో రాయించు. చదువొచ్చిన నా చేతికి రాని అందం, చదవడం రాని ఆయన చేతికి ఎట్లా వచ్చింది? అర్థం తెలియని అక్షరాన్ని అంత ప్రేమగా ఎవరైనా రాయగలరా? ఒకసారి అడిగాను కూడా. అక్షరానికి ఈమాన్, ఒక నిజాయితీ ఉంటుందని, అది తెలిసినా తెలియకున్నా మనం దానికి దగా చెయ్యొద్దని ఆయన అన్నారు. ఆ మాట విని తలూపాను. తలూపడానికి ఏమి పోయింది!

మా పటేల్ బజారు మొగదల కొత్త కమాను కట్టించాడు. లోపల శివుడి గుడి ఉంది. కమాను మీదికి పెద్ద చెక్క బోర్డు, బంగారు రంగులో పేరు కావాలన్నాడు. తానే దుకాణానికి వచ్చి ఉస్తాద్ చేతనే కావాలని చెప్పిపోయాడు. నా ముందరే అన్నాడు. నేనప్పుడు అక్కడే నీలం రంగు కలుపుతున్నాను.

కాగితం మీద నేను రాశాను. శివాలయం. కాని శ మీద గుడి పెట్టలేదు. తలకట్టు పెట్టి వదిలేశాను.

మరిచిపోయానా? మరిచాననే అనుకుంటాను. పటేల్ మాట చెవిలో మోగుతూంటే కసికసిగా రాశాను, అందులో తప్పిపోయింది. పోనీ, అది మరుపే. కాని అసలు సంగతి వినండి. ఉస్తాద్ కుడి నుంచి రాస్తారు కదా. మొదటి రోజు యం రాశారు. రెండో రోజు ల, వా. ఆ రోజు మధ్యాహ్నం కాగితం నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు చూశాను. శ బోడిగా ఉంది. శవాలయం. ఆయన ఇంకా ఆ అక్షరం దాకా రాలేదు. ఒక్క మాట చాలు. ఉస్తాద్, ఒక గుడి తక్కువైంది అంటే అయిపోయేది. అప్పుడే కుంచె కడిగి, రొట్టె తుంచి నా చేతిలో పెట్టారు. తిన్నాను. చెప్పలేదు.

ఏమనుకున్నానో తెలుసా? ఒక్కసారి నలుగురూ నవ్వితే చాలు, ఆ పైన తెలుగు బోర్డు నాకే వదిలేస్తారు అనుకున్నాను. అంతే. ఆయన చెడిపోవాలని కాదు. చెడ్డపని చేసేవాడికి ఎప్పుడూ చిన్న కోరికే ఉంటుందనుకుంటాను, అందుకే వాడికి భయం వెయ్యదు. మూడో రోజు ఆయన శ రాశారు. ఎంత బాగా రాశారో! గుడి లేని ఆ శ అంత అందమైన అక్షరం నేను మళ్ళీ చూడలేదు.

బోర్డు ఎక్కించిన పొద్దున కమాను కింద బజారంతా ఉంది. బడిపంతులు తల పైకెత్తి పెద్దగా చదివాడు.

"శ... శవాలయం! అయ్యో, గిదేం రాత?"

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఎట్లాంటి రోజులవి! నైజాం పోయిన కొత్తలో, హిందువులూ ముసల్మానులూ ఒకరి ముఖం ఒకరు అనుమానంగా చూసుకునే రోజులు. వెనుక నుంచి ఎవరో "కావాలనే రాసిండు" అన్నారు. ఆ మాట నోటినుంచి నోటికి ముందుకు వచ్చింది. పటేల్ ముఖం నల్లబడింది.

"ఏం సాబ్, మా దేవుణ్ణి పీనుగను చేసినవా?"

"నాకు తెలుగు రాదు పటేలా. కాగితంల ఎట్లుంటే గట్లనే దించిన. నుక్తా, గింత చుక్క గూడ ఇడిచిపెట్టలే," అన్నారు ఉస్తాద్. నా వైపు తిరిగారు. ఆ ముఖంలో ఫికర్ లేదు. నేనున్నానన్న ధైర్యం అది. "బేటా, దుకాన్ల కాగితం ఉన్నది. ఉరికి పట్కరా పో."

ఉరికాను. కాగితం రంగు డబ్బా కింద ఉంది. తీసి చూశాను. శ బోడిగా అట్లాగే ఉంది. అప్పుడు నాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. ఆ కాగితం అట్లాగే తీసుకుపోతే నాకేమీ కాదు. నేను వాళ్ళవాణ్ణి. పోరడు మరిచిండు అని రెండు తిట్లు తిట్టేవారు, బాపు ఒక దెబ్బ వేసేవాడు, సాయంత్రానికి మరిచిపోయేవారు. అదే ఆయన మీదికి పోతే వాళ్ళ కళ్ళకు అది తప్పు కాదు, ద్రోహం అవుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసే, చెవి మీద పెన్సిలు తీశాను. తలకట్టు కొసను వంచి, తిప్పి, గుడి కట్టేశాను.

అందులో అసూయ ఉందా, పిరికితనం ఉందా? తూచి చూసుకున్నాను చాలాసార్లు. పరుగెత్తుకొచ్చిన రొప్పు తప్ప ఏమీ గుర్తులేదు. మనిషి తనను తాను చూసుకోవలసిన సమయంలోనే చూసుకోడు, ఛీ.

పటేల్ కాగితం చూశాడు. "కాగితంల గుడి సక్కగనే ఉన్నది గదా!" అని ఉస్తాద్ చేతికి విసిరినట్టు ఇచ్చాడు.

ఉస్తాద్ దాన్ని ఎండకు పట్టి చూశారు. చాలాసేపు చూశారు. తరువాత నన్ను చూశారు. పెన్సిలు మళ్ళీ నా చెవి మీదే ఉంది.

"గీత మంచిగున్నది బేటా. చెయ్యి వణకలే."

అంతే అన్నారు. నా రాతను మెచ్చుకున్నారనుకున్నారు అందరూ. నేనూ అట్లాగే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఆయన పటేల్ ముందు చేతులు జోడించారు. "తప్పు నాదే. కండ్లు పోయినయ్. మాఫ్ చెయ్యుండ్రి," అన్నారు. నలభై ఏండ్లు చుక్క పొల్లుపోకుండా రాసిన మనిషి.

బోర్డు దింపి, ఆయన చేతనే ఆ శ గీకించారు. ఎండలో కూర్చుని చాకుతో బంగారు రంగంతా గీకారు. ఆ ఖాళీలో శి నన్ను రాయమన్నారు. రాశాను. ఇప్పటికీ ఉంది. చూడగలిగినవాడు చూస్తే తెలుస్తుంది, మూడు అక్షరాలు ఒక చేతివి, మొదటిది ఇంకొక చేతిది.

ఆ తరువాత ఆయనకు ఎవరూ పని చెప్పలేదు. చెప్పినా ఆయన కుంచె పట్టలేదు. దుకాణం మూసేసి ఇచ్చోడలో బిడ్డ ఇంటికి పోయారు. పోతూ పోతూ కుంచెల డబ్బా నాకిచ్చారు. నేను తీసుకున్నాను చూడండి! ఆ కుంచెలతోనే నా ఇల్లు నిలబడింది.

నాలుగేండ్లకు ఒక బోర్డు పని మీద ఇచ్చోడ పోయాను. చెప్పేద్దామనే పోయాను, దారంతా మాటలు పేర్చుకున్నాను. ఆయన బిడ్డ మిషన్ ముందు బట్టలు కుడుతోంది. ఆయన పక్కన చాప మీద కూర్చున్నారు, సన్నబడిపోయారు. నన్ను చూసి బిడ్డ నవ్వింది.

"అబ్బా కండ్లు పోయినయంటడు భయ్యా. నా సూదిల దారం మాత్రం దినాం ఆయననే ఎక్కిస్తడు."

ఆయన చేతిలో సూది ఉంది. దారం తడిపి, ఒక్కసారికే ఎక్కించి బిడ్డకు ఇచ్చారు. ఉస్తాద్ అన్నాను. చాయ్ తాగు బేటా అన్నారు. తాగాను. లేచి వచ్చేశాను. మరుసటి ఏడు ఆయన పోయారని ఉత్తరం వచ్చింది.

ఇప్పుడు నాకూ చెయ్యి కుదిరింది. తరువాత కలిపిన గీతను మూరెడు దూరం నుంచి పట్టేయగలను. పెన్సిలు మెరుపు వేరుగా ఉంటుంది, ఒత్తు వేరుగా ఉంటుంది. నాకే తెలుస్తుంటే ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఆ కాగితం మూడు రోజులు ఆయన కళ్ళ ముందు ఉంది. నలుగురిలో ఒక్క మాట అంటే చాలు. ఎందుకు అనలేదు? నా మీద ప్రేమా? నా అబద్ధం చూశాక ఇక గెలిచి ఏం లాభం అనిపించిందా? పెద్ద మనసు అని నలుగురూ అంటారు. ఆ పెద్ద మనసు వల్ల ఎవరికేం ఒరిగింది? నేను బాగుపడలేదు, ఆయన బతకలేదు, కళ చచ్చిపోయింది. ఆయనైతే నసీబ్, తలరాత అనేవారు. నసీబ్ కాదు ఉస్తాద్. నేను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమిస్తే నాకేం వస్తుంది? అడగవలసినవారు ఇచ్చోడ మట్టిలో ఉన్నారు. చెప్పాలనిపించింది, చెప్పాను. పదిహేనేండ్లలో ఎన్ని వందల బోర్డులు రాశానో, ఎన్ని వేల గుళ్ళు పెట్టానో, ఒక్కటీ చెదరలేదు. ఈ కాగితం మీద మాత్రం చూడండి, ప్రతి గుడీ వంకరగానే ఉంది. చెయ్యి వణుకుతోంది.