పెద్దక్క కోసం ఉంచుకున్న పేజీ

మునిసిపల్ ఆఫీసులో అందరికీ ఆయన స్వెట్టరుగారే. తారు కరిగే ఎండలోనూ నీలం స్వెట్టరు తొడుక్కుని తిరిగే మనిషికి ఇంకే పేరు నిలుస్తుంది? పద్దెనిమిదేళ్లుగా సర్వర్ల గది ఆయనది. ఆ గది ఏసీకి ఆయన చెమట పట్టడమే మరిచిపోయాడనీ, గుమ్మం దాటేలోపు గ్లాసులో టీ గడ్డకట్టేదనీ గుమాస్తాలు ఒట్టేసి మరీ చెప్పేవారు.

గదిలో పదకొండు సర్వర్లు, అన్నిటికీ ఆయన పెట్టిన పేర్లే. ఇంటిపన్ను లెక్కలు చూసేది గొణుగుడాయన. జనన మరణాలది అన్నిటికన్నా పాతది, పెద్దక్క. కరెంటు పోయి వస్తే పెద్దక్క ఓ పట్టాన లేవదు. ఎడమ రేకు మీద మోచేత్తో ఒక్క పోటు పొడిచి, మీట నొక్కి, ఇరవై లెక్కపెట్టాలి. అప్పుడు గుర్రుమంటూ లేస్తుంది. ఆ కిటుకు ఆయనొక్కడికే తెలుసు.

పని నేర్పి పక్కసీట్లో కూర్చోబెట్టుకున్న సొంత బావమరిది ఒకరోజు కొత్త నోటుబుక్కు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాడు.

“బావా, ఒక్కోదాని గుణం ఇందులో రాసిపెట్టు. నువ్వు సెలవు పెడితే నాకు దిక్కెవరు?”

“నేనెప్పుడు సెలవు పెట్టానురా?”

“అదే మరి! మా అక్కని కాస్త ఎటైనా తిప్పి తీసుకురా.”

ఆ మాటకి కరిగిపోయి నెల రోజులు రాశాడు. రాసిన పేజీలను బావమరిది రోజూ సాయంత్రం చింపుకుని, చదివి తిరిగిస్తానని పట్టుకెళ్లేవాడు. పెద్దక్క పేజీ ఒక్కటే మిగిలుండగా ఆర్డరు వచ్చింది. పదకొండు సర్వర్లలోని పనినంతా రెండు కొత్త పెట్టెల్లోకి ఎక్కించేస్తారట. ఇన్‌ఛార్జి బావమరిది. స్వెట్టరుగారు ఇకనుంచి తపాలా సెక్షన్లో ఉత్తరాల మీద ముద్రలు వేయాలట. ఈ మార్పుల పథకం కమిషనరు బల్ల మీద ఆయన కంటబడింది. పేజీలన్నీ స్వెట్టరుగారు రాసినవే, కింద సంతకం బావమరిదిది.

“నాతో ఒక్కమాట చెప్పొచ్చుగదరా?”

“చెబితే ఒప్పుకునేవాడివా? ఏం లేదు బావా, మేడ కట్టి పదకొండు వాటాలు వేసినట్టు. ఎవరి కాపురం వాళ్లదే.”

“మేడ బాగానే ఉంది. నాకే వాటా లేదు.”

ఇంట్లో చెబితే భార్య, “పోనీలెండి, మీ కుర్చీలోకి వచ్చింది మనవాడేగా,” అంది.

ఆయన పెద్దక్క పేజీ మాత్రం రాయలేదు. ఖాళీ నోటుబుక్కు సొరుగులో పెట్టి తాళం వేశాడు. కరెంటు పోయిన రోజున వాడే పరిగెత్తుకొస్తాడు, అప్పుడు చూద్దాం అనుకున్నాడు.

కొత్త పెట్టెలు పని మొదలుపెట్టిన మూడోవారం, పట్టపగలు కరెంటు పోయింది. పావుగంటకి వచ్చింది. సర్వర్ల గది వదిలాక స్వెట్టరు తొడగడమే మానేసిన స్వెట్టరుగారు ముద్ర పక్కన పెట్టి, మోచెయ్యి నిమురుకుంటూ, ఎదురుగా జనన ధ్రువపత్రాల కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. వరసలో పాతికమంది. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టాడు. పన్నెండు దగ్గర ప్రింటరు చప్పుడు వినిపించింది.

“తర్వాత ఎవరండీ?” అంది కిటికీలోని అమ్మాయి.

పెద్దక్క రేకు ఒళ్లు ఎప్పుడో పాత సామాన్ల గదికి పోయింది. దాంతోపాటే ఆ మొండితనమూ పోయింది. లోపలి పెద్దక్క మాత్రం కొత్త వాటాలో ఎవరూ పొడవకుండానే లేచి కూర్చుంది.

అంతలో బల్ల మీద ఫోను మోగింది. బావమరిది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఎంతైనా మనవాడు, అడిగితే కిటుకు చెప్పేద్దాం అనుకున్నాడు.

“చెప్పరా.”

“ఏం లేదు బావా, నీ స్వెట్టరు ఇక్కడే మేకుకి వేలాడుతోంది. తీసుకెళ్తావా? నా బ్యాగు తగిలించుకోవాలి.”