తువ్వాలు వేసిన సీటు

ఇంతవరకూ నా మాట పట్టించుకున్నవాడు లేడు. బావకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి. అంటే చదివాడన్నమాట. జవాబు మాత్రం రాదు. దసరా ముందు నుంచీ ఇదే వరస. ఫోనులో చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బావ అంటే చుట్టరికం కాదు. విజయనగరంలో నేను ఎక్కే పొద్దుటి పాసింజరునే అతను చీపురుపల్లిలో ఎక్కుతాడు. ఇద్దరం ఆమదాలవలసలో దిగి, ఆటోలో శ్రీకాకుళం చేరి, ఎవరి ఆఫీసుకి వాళ్లం పోతాం. సీజన్ టిక్కెట్ల వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ముందు స్టేషన్లో ఎక్కినవాడు వెనక ఎక్కేవాడికి తువ్వాలు వేసి సీటు ఉంచాలి. ఏళ్ల తరబడి బావ సీటు మీద నా తువ్వాలే ఉండేది. మొదట్లో ‘ఏవండీ’ అని పిలుచుకునేవాళ్లం. పోనుపోను బావా అంటే బావా అయ్యాం. దాంతో వాళ్లావిడ నాకు చెల్లెలైంది. బావ టిఫిన్ డబ్బాలో నా వంతుకి కూడా ఒక మినపరొట్టె ముక్క, కాస్త అల్లం పచ్చడి వచ్చేవి.

ఆ గంటసేపూ మాట్లాడేది నేనే. నాకు పారిపోయే కథలంటే ప్రాణం. చెంచాతో జైలు గోడ తవ్వేవాడు, చీరలు ముడివేసి మేడ మీంచి దిగే పిల్ల, పీటల మీంచి లేచి బస్సెక్కేసే పెళ్లికొడుకు, ఎవరైనా సరే. సినిమాలో టార్చిలైట్లు, కుక్కలు వెంటపడుతుంటే హాల్లో కుర్చీ కింద నా కాళ్లు వాటంతట అవే కదిలేవి. పుస్తకం తెరవడమంటే ఎవరికీ చెప్పకుండా ఇంట్లోంచి వెళ్లిపోవడమేనని బావతో ఎన్నిసార్లు అన్నానో.

కథ అయ్యాక నా సంగతులు మొదలయ్యేవి. నాకు రావలసిన ప్రమోషన్ ఎవడు తన్నుకుపోయాడు, శ్రీకూర్మంలో ఒక గృహప్రవేశానికి వెళితే నన్ను మొదటి బంతిలోంచి లేపి ఎవరిని కూర్చోబెట్టారు, ఆఫీసరు గారి సన్మానం ఫోటోలో నా మొహం సగమే ఎందుకు పడింది. ఇవేవీ నేను మరచిపోలేదు. బావ ఊఁ కొట్టేవాడు. కిటికీలోంచి పొలాల వైపు చూస్తూనే ఊఁ కొట్టేవాడు.

మొన్న వేసవిలో రొట్టె ఆగిపోయింది. డబ్బాలో హోటల్ ఇడ్లీలు కనపడేవి. నేను ఊరుకోలేదు.

“ఏటి బావా, మా సెల్లి నన్ను మర్సిపోనాదేటి?”

“అది కాదు బావా. ఒంట్లో కొంచెం...”

“అందరూ అంతేలే. ముందు బాగానే సూస్తారు, తర్వాత ఒగ్గెస్తారు. ఆ గృహప్రవేశంలో ఏటి సేసినారు మరి?” అని అందుకున్నాను. పొందూరు దాటేదాకా ఆపలేదు. ఎవరి ఒంట్లో, ఏమైంది అని అడగలేదు. ఆగిపోయిన రొట్టెను కూడా నాకు జరిగిన అవమానాల్లో చేర్చుకున్నాను.

వానాకాలం మొదలయ్యాక ఒకరోజు చీపురుపల్లిలో బావ ఎక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు. నేను తువ్వాలు తీయలేదు. చంటిపిల్లని ఎత్తుకుని నిలబడిన ఒకావిడ కాసేపు ఓపిక పట్టింది.

“ఏటి బాబూ, ఈ తువ్వాలు టిక్కెట్టు కొన్నాదేటి?” అని అడిగింది చివరికి.

పెట్టెంతా నవ్వింది. తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. సాయంత్రం ఫోన్ చేస్తే బావ ఎత్తాడు. ఇంటి దగ్గర పని ఉందని, బస్సులో వస్తున్నానని చెప్పాడు. నమ్మాను.

దసరా ముందు ఒక పొద్దున రైల్వే గేటు పడి నేను ఆలస్యంగా చేరాను. బండి కదులుతోంది. అందిన ఆఖరి పెట్టె ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. చీపురుపల్లిలో నా వెనక సీట్లో ఎవరో పెద్దగా పిలిచారు.

“రండి గురువుగారూ, ఇటు కూకోండి. జైలరు గారు ముందు పెట్టిలో ఉన్నారా, సూసినారా?”

“ఏటో, కిటికీలో కనపడలేదు.” ఆ గొంతు బావది.

“ఉంటాడులెండి. తువ్వాలేసుకుని, ఆ తువ్వాలుకే సెప్తుంటాడు, నన్ను బంతిలోంచి లేపీసినారని!”

“ఒరే, ఆ సగం మొకం ఫోటో కత సెప్పరా.”

ఎవరో నా గొంతు పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. నేను ఎక్కడ ఆగుతానో, ఎక్కడ వేలు చూపిస్తానో అన్నీ వాడికి తెలుసు. నాకు కోపం వచ్చింది. లేచి వెనక్కి తిరుగుదామనుకున్నాను. అంతలో బావ అందుకున్నాడు.

“నవ్వకండ్రా. ఆయన సెడ్డోడు కాదు. వేసంగి నుంచీ మా ఆవిడ మంచం దిగలేదు. ఇంటికెళ్తే మందుల వాసన, ఆఫీసుకెళ్తే ఫైళ్లు. మద్దిలో ఈ గంటే నాది. పొలాలు సూసుకుంటాను. ఇది కూడా ఆయన కోపాలకి ఇచ్చెస్తే నాకేటి మిగుల్తాది?”

“మరి ఆయనకి సెప్పలేకపోనారా?”

“సెప్పబోయాను. నా మాట దూరడానికి సందుండాల గదా.”

నేను లేవలేదు. ఒళ్లో తువ్వాలు ఉంది. దాన్ని మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టాను. జన్మంతా పారిపోయేవాడి పక్షమే ఉన్నాను. సినిమాలో అతను గోడ దూకుతుంటే కెమెరా అతని వెంటే వెళుతుంది. మనమూ వెళతాం. వెనక కాపలా ఉన్నవాడి మొహం సరిగ్గా చూసిన గుర్తు కూడా నాకు లేదు. బావకి రోజు మొత్తం మీద ఊపిరి తీసుకోవడానికి ఆ కిటికీ ఒక్కటే దొరికింది. దానికి అడ్డంగా కూర్చుని నేను అతనికి పారిపోయే కథలు చెప్పాను.

ఆమదాలవలస వచ్చింది. అందరూ లేచారు. నేను కళ్లు మూసుకుని తల కిటికీకి ఆనించాను, నిద్రపోతున్నట్టు. అడుగుల చప్పుడు నా పక్కనే ఆగింది. రెప్పల సందులోంచి బావ చెప్పులు కనపడ్డాయి.

“పదండి గురువుగారూ, ఆటో ఎల్లిపోతాది,” అని ముందు నుంచి ఎవరో అరిచారు.

ఆ చెప్పులు కాసేపు అక్కడే ఉండి వెళ్లిపోయాయి. బండి కదిలాక కళ్లు తెరిచాను. ఊర్లాంలో దిగి, ఎండలో నిలబడి బస్సు పట్టుకుని ఆఫీసుకి ఆలస్యంగా చేరాను. దారంతా ఎవరైనా వెంటపడితే బాగుండును అనిపించింది. నా వెనక ఎవరూ రాలేదు.

ఆ రాత్రి ‘నన్ను జైలరంటారా’ అని మెసేజ్ టైపు చేసి చెరిపేశాను. ‘చెల్లికి ఎలా ఉంది’ అని పంపాను. తర్వాత పంపినవన్నీ ఆ మాటే. ఒక ఆదివారం చీపురుపల్లిలో దిగాను కూడా. స్టేషన్ బయటిదాకా వెళ్లి, నన్ను గుమ్మంలో చూస్తే బావ మొహం ఎలా మారుతుందో తలచుకుని, వచ్చే బండికే వెనక్కి వచ్చేశాను.

బావా, ఇది నీ కంటపడుతుందని తెలుసు. నీకు సందు ఇవ్వలేదు, ఒప్పుకుంటాను. తలచుకుంటే తల ఎత్తలేకపోతున్నాను. అయినా నా ఫిర్యాదు నాకుంది. అన్నేళ్లు పక్కన కూర్చున్నవాడివి. ఒక్కరోజు నా భుజం పట్టుకుని ‘నోర్ముయ్ బావా, ఇంటికాడ ఇలాగుంది’ అని ఉండకూడదా? పెట్టె మారిపోవడమేనా? ఈ మాట నేను మరచిపోను.

నీ సీటు మీద తువ్వాలు వేయడం మానేశాను. వెనక పెట్టెకి రాను. ఆ గంట నీది, ఆ కిటికీ నీది. నా కథ వినక్కర్లేదు, నన్ను పలకరించనూ అక్కర్లేదు. కానీ ఆవిడ చేతి రొట్టె తిన్నవాణ్ణి. టిక్కులు చాలవు. మా చెల్లికి ఎలా ఉందో చెప్పు బావా.