పరుగు మధ్యలో తీర్థం

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు రాకపోయి ఉంటే నేను ఈ జన్మలో ఈతకొలనులో దిగి ఉండేదాన్ని కాదు. నీళ్ళలో నడిస్తే కీళ్ళ మీద బరువు పడదని డాక్టరుగారు చెప్పారు. మేముండేది హఫీజ్‌పేట్‌లో. తెల్లాపూర్ వైపు ఒక కొలనులో పొద్దుటిపూట ఆడవాళ్ళకు విడిగా సమయం ఉందని తెలిసి ఆమెను తీసుకెళ్ళాను. ఒక్కదాన్నే దిగనని మొండికేశారు. చెయ్యి పట్టుకుని నేనూ దిగాను. మెడ నుంచి మోకాళ్ళ దాకా కప్పే నల్లని ఈత బట్టల్లో ఆమె తనను తాను అద్దంలో చూసుకుని, "ఈ వేషంలో ఉంటే యముడు కూడా నన్ను గుర్తుపట్టలేడమ్మాయ్. ఇలాగే ఉండిపోనా?" అన్నారు. ఇద్దరం కొలను మెట్ల మీద కూర్చుని నవ్వుకున్నాం.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. దుమ్ము పడదని మా నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాల దగ్గర నుంచి లెక్కల దాకా అన్నీ చెప్పారు. ఆటల పీరియడు అంటే ఏమిటో నాకు తెలియదు. తోటిపిల్లలు వీధిలో పరుగెత్తుతుంటే కిటికీలోంచి చూసేదాన్ని. అలాంటిదాన్ని, నలభై దగ్గరపడ్డాక నీళ్ళలో మొహం పెట్టి, తల పక్కకు తిప్పి ఊపిరి పీల్చుకోవడం నేర్చుకున్నాను. మొదటిసారి కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా వెళ్ళిన రోజున గట్టు పట్టుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అత్తగారు నడుములోతు నీళ్ళలో నిలబడి, "దేవుడికి తర్వాత పెడుదువుగాని, ముందు ముక్కు తుడుచుకో" అన్నారు.

ఈత తర్వాత సైకిలు వచ్చింది. సైకిలు తర్వాత పరుగు వచ్చింది. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి ఆపకుండా చేసే పోటీని ట్రయాథ్లాన్ అంటారని కొలనులో ఈత నేర్పే అమ్మాయి చెప్పింది. ఇంటికొచ్చి అత్తగారికి వివరించాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ శ్రద్ధగా విన్నారు.

"అంటే ఈది, తొక్కి, పరుగెత్తి చివరికి ఎక్కడికి చేరతావు?"

"బయల్దేరిన చోటికేనండి."

"దానికింత కష్టమెందుకే? కదలకుండా అక్కడే కూర్చుంటే సరిపోయేది."

అలా అన్నారే గాని, ఆ రోజు నుంచి నాకు తెల్లవారకముందే రాగిజావ కాచి ఇచ్చింది ఆమే. తడిసిన బట్టలు ఆరేసింది ఆమే. కోడలు చెడ్డీలేసుకుని రోడ్ల మీద తిరుగుతోందని బంధువులొకరు ఫోనులో అంటే, "మా ఇంటి రోడ్లు కావులెండి, ప్రభుత్వానివి" అని పెట్టేసింది కూడా ఆమే.

పోయిన ఏడాది మొదటిసారి ఛాంపియన్‌షిప్ పోటీకి వెళ్ళాను. సైకిలు పందెంలో కోకాపేట దగ్గర ఎదురుగాలికి వెనకబడ్డాను. గడువు దాటిపోయిందని నన్ను పక్కకు తప్పించి వ్యానులో ఎక్కించారు. అత్తగారు ముగింపు దగ్గర డేరా కింద కుర్చీలో కూర్చుని, వచ్చే ప్రతి ఆడమనిషినీ నేనేమోనని లేచి చూశారట. నేను వ్యాను దిగగానే నా సంచీ అందుకున్నారు. ఇంటికి వెళ్ళేదాకా దాన్ని తన ఒళ్ళోనే పెట్టుకున్నారు.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఆమెకు తిండి సహించడం మానేసింది. క్లోమంలో గడ్డ అన్నారు. దవాఖానాల చుట్టూ తిరిగాం. చివరికి పెద్ద డాక్టరుగారు మా ఆయన్ను పక్కకు పిలిచి, ఇక సూదులతో ఆమెను బాధపెట్టడం వద్దు, ఇంటి దగ్గర ప్రశాంతంగా ఉండనివ్వండి అన్నారు. ఈ ఏడు పోటీకి వెళ్ళనని నేను తేల్చి చెప్పాను. అత్తగారు మంచం మీద నుంచి నా చెయ్యి అందుకున్నారు.

"నువ్వు మానేస్తే నాకు తగ్గుతుందా?"

"అది కాదండి."

"నేనుండగా ఒక్కసారి నువ్వు పూర్తిచెయ్యడం చూడాలి. మళ్ళీ వ్యాను దిగావంటే ఊరుకోను."

అంతకు మించి ఆమె నన్నేమీ కోరలేదు. నిజానికి మా పెళ్ళయిన దగ్గర నుంచి ఆమె నన్ను నోరు విప్పి కోరింది అదొక్కటే.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరు గడప దాటాలన్నా, అది ఆఫీసుకైనా కూరలకైనా, పూజయ్యాక అత్తగారి చేతి తీర్థం తీసుకునే వెళ్ళాలి. కుడి అరచెయ్యి పట్టాలి. చిన్న ఉద్ధరిణితో ఆమె మూడుసార్లు పోస్తారు. తాగి, ఆ తడిచెయ్యి తలకు రాసుకోవాలి. ఆమె మంచాన పడ్డాక పూజ నేను చేస్తున్నాను. తీర్థం మాత్రం గిన్నె ఆమె దగ్గరికి తీసుకెళ్తే ఆమే పోసేవారు. చెయ్యి వణికి సగం దుప్పటి మీద పడేది. అయినా ఉద్ధరిణి ఇంకొకరికి ఇచ్చేవారు కాదు.

పోటీ ముందురోజు మా అందరినీ కూర్చోబెట్టి నియమాలు చెప్పారు. దారిలో నిర్వాహకులు పెట్టిన బల్లల దగ్గర తప్ప ఇంకెక్కడా, ఇంకెవరి దగ్గరా ఏదీ తీసుకోకూడదు. నీళ్ళయినా సరే. తీసుకున్నవాళ్ళను పోటీలోంచి తొలగిస్తారు. నేనూ అందరితో పాటు తలూపాను. నాకు దారిలో నీళ్ళిచ్చేవాళ్ళెవరున్నారు? ఇంటికి వచ్చాక ఆ మాట ఎవరికైనా చెప్పాలని కూడా తోచలేదు.

మర్నాడు చీకటితోనే బయల్దేరాం. నొప్పికి వేసిన మందుతో అత్తగారికి అప్పుడే కన్ను అంటుకుంది. లేపడానికి మనసొప్పక గుమ్మం దగ్గర నుంచే ఆమె పాదాలకు దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. మా ఆయన నన్ను గచ్చిబౌలిలో దింపి, అమ్మ లేచే వేళకు ఉండాలని వెనక్కి వెళ్ళిపోయారు.

ఈత బాగానే జరిగింది. సైకిలు మీద రింగురోడ్డు పక్కదారిలో వెళ్తూ, పోయినసారి నన్ను ఆపిన చోటు దాటుతున్నప్పుడు కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేను కాబట్టి పైకే రామనామం అనుకుంటూ తొక్కాను. పక్కనుంచి దాటిపోతున్న ఒకావిడ విచిత్రంగా చూసింది. గడువుకు ముందే సైకిలు దిగి స్టాండులో పెట్టాను. ఇక పరుగు ఒక్కటే మిగిలింది. అది నేను చెయ్యగలను. ఆ క్షణంలో నాకెంత తేలికగా అనిపించిందో చెప్పలేను.

నానక్‌రామ్‌గూడ వైపు ఆదివారం కావడంతో ఆఫీసులన్నీ మూసి ఉన్నాయి. అద్దాల గోడల మీద నుంచి ఎండ తిరిగి వచ్చి మొహానికి కొడుతోంది. గేట్ల దగ్గర కాపలావాళ్ళు కుర్చీలు బయటికి లాక్కుని మమ్మల్ని చూస్తున్నారు. "ఏంది మేడం, పోలీసు సెలక్షనా?" అని ఒకతను అడిగాడు. పక్కనున్నతను, "ఈ ఉమర్ల ఏం సెలక్షన్ రా, డాక్టర్ చెప్పిండేమో షుగరుకు" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వుతూనే చివరి చుట్టు మలుపు తిరిగాను.

అక్కడ బస్ షెల్టర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అత్తగారు కూర్చుని ఉన్నారు.

ముందు నా కళ్ళను నేనే నమ్మలేదు. నెలల తరబడి నైటీలో చూసిన మనిషి పట్టుచీర కట్టుకున్నారు. తలస్నానం చేసిన జుట్టు చివర ముడి వేసి ఉంది. మా ఆయన గొడుగు పట్టుకుని వెనక నిలబడ్డారు. తర్వాత ఆయన చెప్పారు: అత్తగారు లేస్తూనే, నేను తీర్థం తీసుకోకుండా వెళ్ళానని తెలిసి, గోడ పట్టుకుని స్నానాలగదికి వెళ్ళారట. అన్ని నెలల తర్వాత తనే కూర్చుని పూజ చేశారట. మధ్యలో రెండుసార్లు దేవుడి గది గోడకు ఆనుకుని ఒగర్చారట. ఆయన వద్దన్నకొద్దీ, "అది ఖాళీ నోటితో వెళ్ళిందిరా" అన్నారట.

ఒళ్ళో మూతపెట్టిన గిన్నె ఉంది. నన్ను చూసి మూత తీసి ఉద్ధరిణి పట్టుకున్నారు.

"పొద్దున్న తీసుకోకుండా వచ్చేశావుగా అమ్మాయ్. రా."

మలుపు దగ్గర నారింజ రంగు కోటు వేసుకున్న పర్యవేక్షకురాలు నిలబడి ఉంది. పాతికేళ్ళు కూడా ఉండవు. నన్నే చూస్తోంది. నియమం నాకు గుర్తు లేకపోలేదు. అక్షరం అక్షరం గుర్తుంది. అత్తగారి చెయ్యి గాలిలో వణుకుతూ ఉంది. ఉద్ధరిణిలోంచి చుక్కలు చీర మీద పడుతున్నాయి. ఆమె మొహంలో నొప్పి లేదు. చాలా రోజుల తర్వాత, ఎవరికైనా ఏదైనా ఇస్తున్నప్పుడు ఉండే ఆ పాత తృప్తి ఉంది.

చెమట చెయ్యి బట్టలకు తుడుచుకుని అరచెయ్యి పట్టాను. మూడుసార్లు పోశారు. తాగి, చెయ్యి తలకు రాసుకున్నాను. తులసి వాసన, పచ్చకర్పూరం వాసన.

"ఇక వెళ్ళు. ఆలస్యమైపోతుంది" అన్నారు.

కొంచెం దూరం వెళ్ళాక ఆ అమ్మాయి సైకిలు మీద నా పక్కకు వచ్చింది.

"అక్కా, జర మెల్లగ. బయటోళ్ళ తాన ఏం తీస్కోవద్దని నిన్న చెప్పిన్రు గదా."

"అది తీర్థమమ్మా."

"నాకెర్కేనక్కా. మా ఇంట్ల గూడ మా నాయనమ్మ ఇస్తది." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "గానీ నీ ఎనకొచ్చేటోళ్ళు జూసిన్రు. నేను చెప్పకుంటే అన్యాలమైతది గదా."

"చెప్పమ్మా. నీ తప్పేం లేదు."

"ఉర్కుతవా, ఆపేస్తవా? ఉర్కినా లెక్కల రాదు."

"ఆవిడ చూడాలమ్మా. ఉరుకుతాను."

"అయితే ఉర్కు. పైలం." నా నంబరు మరోసారి చూసుకుని వెనక్కి తిరిగింది. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. కష్టమైన పని మర్యాదగా చేసింది.

మిగతా దూరం ఎలా పరుగెత్తానో సరిగా గుర్తులేదు. ఏడుపొస్తే ఊపిరి అందదు. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన సంగతే అది. అందుకని ఏడవకుండా పరుగెత్తాను. నేను చేరేసరికి మా ఆయన అత్తగారిని కారులో ముగింపు దగ్గరికి తెచ్చారు. ఆమె కంచెకు కట్టిన తాడు పట్టుకుని లేచి నిలబడ్డారు. నేను గీత దాటగానే రెండు చేతులూ నా వైపు తిప్పి, కణతల దగ్గర మెటికలు విరిచారు. ఆమె అడిగింది ఆమెకు ఇచ్చాననుకున్నాను. అంతటితో ఆగిపోయి ఉంటే బాగుండేది.

గీత దాటినవాళ్ళ మెడలో పతకాలు వేస్తున్నారు. నేను తలొంచుకుని పక్కకు తప్పుకున్నాను. అత్తగారు అది చూశారు.

"నీకేదే?"

"నాకు రాదండి."

"అదేంటి? చివరిదాకా వచ్చావుగా. నేను చూశానుగా."

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. మా ఆయనకు విషయం తెలియదు. నాకు అన్యాయం జరిగిందని నిర్వాహకుల బల్ల దగ్గరికి గబగబా వెళ్ళారు. వెళ్ళినంత వేగంగా తిరిగి రాలేదు. అత్తగారు కొడుకు మొహం చూశారు, తర్వాత నా మొహం చూశారు.

"నా నీళ్ళేనా?" అన్నారు.

ఆమె దాన్ని నీళ్ళు అనడం నేనెప్పుడూ వినలేదు.

"మీరు పిలిస్తే రాకుండా ఎలా ఉంటానండి?" అన్నాను. ఆమె కారులో గిన్నె మీద మూత రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు పూజ చేసి గిన్నె ఆమె మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. మా ఆయన ఆఫీసుకు బయల్దేరి చెయ్యి చాపి నిలబడ్డారు. "నువ్వే పొయ్యమ్మాయ్. నా చెయ్యి వణుకుతోంది" అన్నారు అత్తగారు. అది అంతకు ముందు కూడా వణికేది. ఆ తర్వాత రోజూ అంతే. నేను తీర్థానికి అరచెయ్యి చాపి మంచం పక్కన కూర్చునేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని నిద్ర నటించేవారు. ఆ పోటీ ఏపాటిది, ఆ పతకం ఏపాటిదని ఎన్ని విధాల చెప్పానో. నన్ను నీళ్ళలో దింపింది, పరుగు దాకా నడిపించింది మీరేగా అన్నాను. వినేవారు. విని, అటు తిరిగి పడుకునేవారు. ఆమెకు నొప్పి ఉన్నప్పుడు మందు ఉండేది. దీనికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

వానలు మొదలవకముందే ఆమె వెళ్ళిపోయారు. రోడ్డు మీద నేను తాగినదే ఆమె చేతి చివరి తీర్థం. అది తీసుకునే బుద్ధి ఆ క్షణంలో నాకు ఇచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. ఆమెకు అది తెలియజెయ్యలేకపోయినందుకు అదే దణ్ణంలో ఏడుస్తాను.

పోయే ముందు ఒక సాయంత్రం ఆమె కాళ్ళు ఒత్తుతున్నాను. నిద్రపోయారనుకున్నాను.

"మళ్ళీ ఏడు కూడా పెడతారా ఆ పోటీ?" అన్నారు.

"పెడతారండి."

"ఈసారి ఎవరు పిలిచినా ఆగకు."

సరేనన్నాను. ఆమె ఇంకొక కాలు నా వైపు జరిపారు.