పడక కుర్చీల కూసున్న పెద్దమనిషి

మా ఆయన మస్కట్‌కెల్లి సెలవుకు వచ్చినప్పుడు ఒక కెమెరా తెచ్చిండు. తిరిగి పోయేటప్పుడు అది నా చేతుల పెట్టి, రీలు ఎట్ల ఎక్కియ్యాల్నో, బటన్ ఎక్కడ ఒత్తాల్నో చూపించి పోయిండు. అప్పటికి మా పెండ్లయి ఏడాది గూడ నిండలే. సిద్దిపేటల మా అత్తగారిల్లు బజారుకు జర లోపలికి ఉంటది. పొద్దుగాల మామయ్య మార్కెట్‌ల తన వడ్ల అడ్తి దుకాణానికి పోతే, మల్ల దీపాలు పెట్టే యాళ్ళకే వస్తుండె. మధ్యాహ్నాలు ఎంతకూ గడవకపోతుండె. ఇగ నేనే ఒక నియమం పెట్టుకున్న. రోజుకొక ఫోటో తియ్యాలె. ఒక్కటంటే ఒక్కటే. నచ్చినా నచ్చకున్నా రెండోది తియ్యొద్దు.

మొదట్ల జామచెట్టును తీసిన. ఎండల పెట్టిన వడియాలను తీసిన. ఒకనాడు గోడ మీది పిల్లిని తీసిన. రీలు కడిగిచ్చినంక చూస్తే పిల్లి లేదు, ఉత్త గోడనే ఉన్నది.

అత్తమ్మ ఆ ఫోటోను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"గోడను తీసినవా?"

"పిల్లిని తీసిన అత్తమ్మా."

"గోడ మంచిగొచ్చింది," అన్నది. దాన్ని నా చేతికిస్తూ, "ఫోటో దిగాల్నని గోడకు ఉంటదో లేదో గని బిడ్డా, నాకైతే ఉంటది," అన్నది.

నేను బిత్తరపోయిన. వాడకట్టుల అందరికి అత్తమ్మ అంటే భయం. ఆమె కొంగు తల మీదికెల్లి జారంగ ఎవలూ చూసి ఉండరు. ఆమె జన్మల దిగిన ఫోటో ఒక్కటే, ఎప్పుడో వేములవాడ జాతరల. అండ్ల గూడ సిగ్గుకు తల వంచింది. పాపిట తప్ప ఏమీ కనవడది.

"ఎట్ల తియ్యమంటవు?" అని అడిగిన. చేతులు జోడించి నిలబడతదనుకున్న.

ఆమె పోయి దర్వాజ గొళ్ళెం పెట్టొచ్చి, మెల్లగ, "స్కూటర్ మీద," అన్నది.

మా ఆయన స్కూటర్ వసారల దుప్పటి కప్పుకొని ఉంటుండె. దుప్పటి గుంజేసి అత్తమ్మ ఎక్కి కూసున్నది. హ్యాండిల్ గట్టిగ పట్టుకున్నది. నేను బటన్ ఒత్తబోతుంటే "ఆగు" అని దిగింది. నడుస్తున్న బండి మీద కొంగు ఎగరాలె గద! కొంగు కొసను బట్టల తీగెకు క్లిప్పు పెట్టి, మల్ల ఎక్కి, మొఖం గాలికి పెట్టినట్టు పెట్టింది.

గా రోజు సంది నాకు ఏం తియ్యాల్నని ఆలోచించే పని లేకుండ పోయింది. అంట్లు తోమంగనే ఆమెనే చెప్తుండె, ఇయ్యాల గిది అని. మా ఆయన ఇడిచిపోయిన నల్లద్దాలు పెట్టుకొని జామచెట్టెక్కి ఒకటి దిగింది. ఫోన్ చెవికి పెట్టుకొని, వేలు చూపిస్తూ ఒకటి.

"ఎవలితోటి మాట్లాడుతున్నవు అత్తమ్మా?"

"కలెక్టర్‌తోటి. మన గల్లీకి నల్లా నీళ్ళు సక్కగ వస్తలేవని తిడుతున్న."

జ్వరమొచ్చిన నాడు గూడ విడిచిపెట్టలే. థర్మామీటర్‌ను మూతి కొసకు సిగరెట్ లెక్క పెట్టుకొని, కండ్లు సగం మూసి దిగింది.

ఒకనాడు మామయ్య ఇస్త్రీ ధోతి, లాల్చి, నెత్తికి చుట్టే రుమాల్ తీసుకొచ్చింది. లోపలికి పోయి కట్టుకొని, కాటుకతోటి మీసం దిద్దుకొని బయటికొచ్చింది. మామయ్య పాత అద్దాలు ముక్కు మీద పెట్టుకొని, తిన్నగ పోయి పడక కుర్చీల కూసున్నది. ఆ కుర్చీల మామయ్య తప్ప ఎవలూ కూసోరు, ఆయన ఊర్ల లేనప్పుడు గూడ. కాలు మీద కాలేసి, పేపర్ విప్పి, "ఛాయ్ ఏదే?" అని అచ్చం ఆయన గొంతుతోటే గదమాయించింది. నవ్వు ఆపుకొని బటన్ ఒత్తుడు నాకు చాన కష్టమైంది.

రీలు కడిగిచ్చి, ఫోటోలన్నీ తెచ్చి బియ్యం డబ్బా ఎనుక దాచిన. కథ గాడికే అయిపోయేది. గని స్టూడియో నడిపే భాయ్‌కి ఆ పెద్దమనిషి ఫోటో చాన నచ్చింది. మమ్ముల అడగకుండనే దాన్ని పెద్దగ చేసి, స్టూడియో ముంగటికెల్లి పోతున్న మామయ్యను పిలిచి చేతుల పెట్టిండు. "సేఠ్, మీ అన్నగారా? బహుత్ అచ్ఛా ఆయా, చాన మంచిగ పడ్డడు" అన్నడట.

మామయ్యకు అన్న లేడు.

ఆ రోజు ఇంటికొచ్చి కాళ్ళు గూడ కడుక్కోలే. ఫోటోను అత్తమ్మ ముంగట పెట్టిండు.

"ఎవలీయన? నా కుర్చీల కూసున్నడు. నా పేపర్ చదువుతుండు. నేను దుకాణంల ఉంటే ఇంటికి ఎవలొస్తుండ్రు?"

అత్తమ్మ కొంగు సవరించుకొని, వంగి, నిమ్మళంగ చూసింది.

"తెల్వది. మీ దిక్కోళ్ళ లెక్కనే ఉన్నడు. మీ పెదనాయిన పోలికలు లేవా?"

"మా పెదనాయిన ముక్కు గిట్ల లేకుండె."

"నాకైతే మంచోని లెక్కనే కనవడుతున్నడు."

"పరాయోళ్ళ కుర్చీల కాలు మీద కాలేసుకున్నోడు మంచోడా?"

నేను పెరట్లకు ఉరికి, కొంగు నోట్ల కుక్కుకొని నవ్విన.

తెల్లారి మామయ్య మధ్యాహ్నమే ఊడిపడ్డడు. తలుపు సందులు చూసిండు, మంచం కింద చూసిండు. అత్తమ్మ వేడివేడి జొన్నరొట్టె వేసి పెడుతూ, "దొరికిండా?" అని అడిగింది. ఆయన రొట్టె తిని మల్ల దుకాణానికి పోయిండు. మరునాడు మల్ల గంతే.

ఆ తర్వాత రోజు తిన్నంక ఫోటోను కిటికీ ఎలుగుకు పట్టుకొని చూసిండు. చూసీ చూసీ, ముక్కు కాడ ఆగిండు. వేషం కట్టిన నాడు ముక్కుపుల్ల తియ్యుడు అత్తమ్మకు యాదికి రాలే. మామయ్య ఫోటోను చూసిండు, పొయ్యి కాడ కూసున్న అత్తమ్మను చూసిండు. దుకాణంల హమాలీల మీద ఒర్రే మనిషి. ఇగ ఇల్లెగిరిపోతదనుకొని నేను నీళ్ళ చెంబు పట్టుకొని అట్లనే నిలబడ్డ.

"గోచి గట్ల పెడ్తరా ఎవలన్న?" అన్నడు.

అత్తమ్మ చెయ్యి రొట్టె మీద ఆగింది.

"ఇన్నేండ్ల సంది నా ధోతులు పిండుతున్నవు. గోచి ఎట్ల పెట్టాల్నో చూడలే? గది రుమాలా? నెత్తికి దెబ్బ తాకితే కట్టిన కట్టు లెక్కున్నది."

"నాకెవలన్న నేర్పిండ్రా?" అన్నది అత్తమ్మ.

మామయ్య లేచి, దండెం మీది ధోతి తీసుకొచ్చిండు. అత్తమ్మకు చీర మీదనే కట్టి చూపించి, లాల్చి తొడిగిచ్చిండు. నాలుక పండ్ల నడుమ పెట్టుకొని, రుమాల్ ఒక్కొక్క చుట్టే ఆయననే చుట్టిండు. ఫోటోల మీసం గూడ సన్నగయిందని, మల్ల దిద్దిచ్చిండు. అంతా అయినంక నా దిక్కు తిరిగి, "తియ్యి," అన్నడు.

"ఇయ్యాలటిది పొద్దుగాలనే తీసిన మామయ్యా. రోజుకొకటే," అన్న.

"అయితే రేపటిది ఇయ్యాల తియ్యి."

తీసిన. ఆ ఫోటో అన్నిటి కంటె బాగొచ్చింది. మస్కట్ పోయే తెలిసినాయన చేతికిచ్చి మా ఆయనకు పంపిన. ఫోటో చేరంగనే మా ఆయన ఫోన్ చేసిండు. అత్తమ్మ ఎత్తి, "ఆఁ... ఆఁ... లేదు బిడ్డా, మంచిగనే తింటుండు," అని పెట్టేసింది.

కుర్చీల కూసున్న మామయ్య పేపర్ దించిండు. "ఏమంటుండు?"

"ఫోటో చూసిండట. నాయిన మొఖం గుంజుకపోయింది, దవాఖానల చూపియ్యమంటుండు."

మామయ్య లాల్చి మీదికెల్లి పొట్ట తడుముకున్నడు. "చెప్పకపోయినవా మరి, అది నువ్వని?"

"రేపు చెప్త," అని అత్తమ్మ ఆయనకు ఛాయ్ పెట్టనీకి లోపలికి పోయింది.