చేపకూ ఒక పంగు

ఆ రోజుల్లో ఉద్యోగమంటే ముదలాళి మొహం చూసి బతకడమే అనుకునేవాణ్ణి (యజమానిని మా వైపు అలాగే అంటాం). ఆయన మొహం కంటే ఆయన చేప మొహమే ఎక్కువ చూడాల్సి వస్తుందని ఎవరూ చెప్పలేదు. విరుదునగర్‌లో ఒక పప్పుల మండీలో తూకాలు చూసే పనికి కొత్తగా చేరాను. గల్లాపెట్టె పక్కన అద్దాల తొట్టిలో ముదలాళి ఒక ఆస్కార్ చేపను పెంచేవాడు. చిన్న చేప కనబడితే గుటుక్కున మింగే రకం. దాన్ని ప్రేమగా 'తంబి' అనేవాడు, నన్ను మాత్రం 'ఏమప్పా' అనేవాడు.

ఒకసారి ఆయన కుటుంబంతో కాశీకి బయల్దేరుతూ, తంబిని తొట్టితో సహా కోవిల్‌పట్టిలోని మా ఇంటికి పంపించాడు. "మేత గుళికలు తప్ప ఏమీ వెయ్యొద్దప్పా. తంబి బాగుండాడంటే నీ పని పర్మనెంటు" అన్నాడు. బాగోకపోతే ఏమిటో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

మా ఇంట్లో పెత్తనమంతా అవ్వది. ఆ వారమే ఎట్టయాపురం దగ్గర మా కులదేవతకు పొట్టేలు కొట్టారు. ఇంట్లో ఎన్ని తలలుంటే అన్ని పంగులు కరి (మాంసాన్ని మేం అలాగే అంటాం) రావాలన్నది మావాళ్ల కట్టుబాటు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకైనా ఆ వాటా తప్పదు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి తొట్టిలో నీళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి, పైన కొవ్వు తెట్టు కట్టింది, తంబి పొట్ట ఉబ్బి ఒక మూలకు ఒరిగిపోయాడు. నా పర్మనెంటు కూడా వాడితోపాటే ఒరిగింది.

"అవ్వా! దీనికేమి పెట్టినావు?"

"సామి కరి. దాని పంగు దానికి పెట్టినా."

"మీనుకు పంగేంది అవ్వా!"

"మన ఇంట్లో ఉండాదా లేదా? అందరూ తినేప్పుడు పాపం నోరు తెరిసి చూస్తాండె. అంత నోరు సామి ఇచ్చింది గుళికలకారా?"

 రంగుచేపలు అమ్మే అతనికి ఫోన్ చేస్తే తమిళంలో చడామడా తిట్టాడు. చేపల్నీ పురుగుల్నీ తినేదైనా దానికి పొట్టేలు మాంసం పడదట. మన ఒళ్లు వెచ్చన కాబట్టి కొవ్వు కరుగుతుంది, దాని కడుపులో గడ్డకడుతుందట. నీళ్లు మార్చి ఏమీ పెట్టకుండా ఉంచమన్నాడు. నేను ఫోన్ పెట్టేలోపే అవ్వ "లంకణం పరమౌషదం, కడుపు కాయనీ" అనేసింది (అలా ఆ వాదంలోనూ ఆవిడే గెలిచింది). అంతటితో ఆగితే అవ్వ ఎందుకవుతుంది? వాము కషాయం గ్లాసు పట్టుకుని ఆవిడ తొట్టి చుట్టూ, ఆవిడ చుట్టూ నేనూ తిరిగాం. నీళ్లు మార్చినప్పుడల్లా 'తల్లీ, నీ ప్రసాదమే కదా, నువ్వే అరిగించు' అని మొక్కుకున్నాను.

అరిగించింది. ముదలాళి వచ్చేనాటికి తంబి హుషారుగా తిరుగుతున్నాడు. ఆయన ముద్దుగా ఒక గుళిక వేస్తే వాడు తుపుక్కున ఉమ్మేసి, వంటింటి గడపలో ఉన్న అవ్వ వైపు అద్దానికి మూతి ఆనించి నిలబడ్డాడు. కరి సంగతి బయటపడినట్టే అనుకున్నాను.

"ఏమప్పా, మీ అవ్వ మీద వీడికింత పాశమా!"

"పెట్టిన చెయ్యిని మరిసేది మనుసులే నాయినా" అంది అవ్వ, ఏమీ ఎరగనట్టు. ముదలాళి కళ్లు చెమర్చాయి. నా పని పర్మనెంటయింది.

ఇప్పుడు నా ఇంట్లోనూ ఒక ఆస్కార్ ఉంది. గుళికలే వేస్తాను. అవ్వ పోయింది కానీ, పొట్టేలు కొట్టిన ప్రతిసారీ మావాళ్లు చేప పంగు కూడా కలిపే పంపుతారు. ఈమధ్య డాక్టరు నాకూ కరి మాన్పించాడు. మా ఆవిడా పిల్లలూ నాదీ చేపదీ రెండు పంగులూ పంచుకుని తింటుంటే, నేను ఓట్స్ జావ గిన్నెతో తొట్టి పక్కన కూర్చుంటాను. ఇద్దరం నోళ్లు తెరుచుకుని అటే చూస్తుంటాం. అవ్వ ఉంటే మా ఇద్దరికీ చాటుగా చెరో ముక్క పెట్టేది.